కరగలేదు కదా!

ఆదివారం ఉదయం గవర్నర్‌పేటలో మా వంటింటికి సెలవు. మా వారు బయటికెళ్ళి ఇడ్లీలు తెస్తారు. వాటితోపాటు పొగలు కక్కే సాంబారు, పల్చటి కవర్లో, మూతికి దారం చుట్టి. ఇంటికొచ్చేసరికి ఆ కవరు సాగిపోయి, పట్టుకుంటే చేతిలోంచి జారేలా ఉంటుంది. "క్యారేజీ పట్టుకెళ్ళమని ఎన్నిసార్లు చెప్పాలండీ?" అంటే ఒకటే జవాబు: "ఏం, కరగలేదు కదా!"

నా పేచీ అంతా ఆ మాట మీదే. కరిగితేనా చెడినట్టు? పల్చటి పాలిథిన్ కరగాలంటే 110 డిగ్రీల దరిదాపు వేడి కావాలి, నిజమే. మెత్తబడటం మాత్రం చాలా ముందే మొదలవుతుంది. మంచినీళ్ళ సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్ 75 డిగ్రీలకే బిగువు వదిలేస్తుంది. ఖాళీ సీసాని సింకులో నిలబెట్టి మరిగే నీళ్ళు పోయండి, మీ కళ్ళముందే ముడుచుకుపోతుంది.

టమాటా పప్పు వేడివేడిగా పెట్టిన డబ్బాకి పసుపు ఎంత తోమినా వదలదు, చూశారుగా? అది పైపైన అంటుకున్నది కాదు, నూనెతో కలిసి లోపలికి ఇంకింది. మన పప్పులోది డబ్బాలోకి పోతుంటే, డబ్బాలోది పప్పులోకి రాదని ఎలా నమ్మమంటారు?

2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు పేపరు కప్పుల్లో 85-90 డిగ్రీల వేడినీళ్ళు పోసి 15 నిమిషాలు ఉంచారు. కప్పు లోపలి ప్లాస్టిక్ పూత నుంచి 100 మిల్లీలీటర్ల నీళ్ళలోకి సుమారు 25,000 సూక్ష్మ రేణువులు చేరాయి. ఆ పూత కూడా కరగలేదండీ!

"ఇది ఫుడ్ గ్రేడమ్మా" అంటాడు టిఫిన్ షాపతను. ఎంత వేడి దాకా అని అడిగాను. పక్కవాళ్ళకి చట్నీ కట్టడంలో మునిగిపోయాడు.

ఇక బట్టల క్లిప్పులు. బీసెంట్ రోడ్డులో డజన్లకొద్దీ కొంటాను. మన బెజవాడ ఎండల్లో మేడమీద వేసవి దాటేసరికి వేళ్ళ మధ్యే పుటుక్కుమంటాయి. ఇంట్లో వాళ్ళకి నావి మొరటు చేతులు! ఎండలోని అతినీలలోహిత కిరణాలు, వేడి కలిసి ప్లాస్టిక్ లోపలి పొడవాటి గొలుసుల్ని తెంపేస్తే, వంగాల్సినది పెళుసవుతుంది. విరగ్గొట్టిన పేరు మాత్రం నాకు.

ప్లాస్టిక్ మానమని ఉపన్యాసాలన్నీ ఆడవాళ్ళకే. కవరు తెచ్చేదెవరో ఎవరూ అడగరు.

ఈ ఆదివారం స్కూటరు తాళాలు అత్తగారి స్టీలు క్యారేజీలో, అడుగు గిన్నెలో పెట్టాను.