చదువు మానిన కోడండ్రకు

ఆర్మూరు ప్రాంతమున పసుపు త్రవ్వి, ఉడికించి, ఆరబెట్టు దినములలో ఇంటి కోడలికి కళాశాల మాట యెత్తుటకే తీరిక యుండదు. అట్టివారికి భారత ప్రభుత్వము 2017లో నెలకొల్పిన ‘స్వయం’ అను అంతర్జాల విద్య మిక్కిలి యుపయోగకరము. కళాశాల పాఠములను రాత్రి పనులైన పిదప ఫోనులో ఉచితముగా వినవచ్చును. పెక్కు పాఠము లాంగ్లముననే యుండుట మాత్రము మనవారికి కష్టమే. యోగ్యతాపత్రము కోరువారు రుసుము చెల్లించి, కేంద్రమునకు పోయి పరీక్ష వ్రాయవలెను. ఆ పత్రము బి.ఏ. పట్టాతో సమానము కాదు; కావున చదువుచున్న పిల్లను కళాశాల మాన్పింపకుడు. పట్టాయే కావలెనన్నచో, 1982లో స్థాపితమై నేడు హైదరాబాదున అంబేద్కరు పేర వెలయు సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు. అత్తగార్లారా! రాత్రి యొక గంట కోడలిని చదువుకొననీయుడు. పరీక్షనాడు బస్సు ఖర్చిచ్చి పంపుడు.