తెర నల్లబడితే... ఫార్మాటే గతా?

పెద్దేముల్‌లో ఓ ఇల్లు అనుకోండి. తాండూరులో డిగ్రీ చదివే అమ్మాయి. ఆమె ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు లినక్స్. సోమవారం ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. శనివారం రాత్రి 'అప్‌డేట్లు వచ్చాయి' అని తెరమీద కనిపిస్తే సరేనంటూ నొక్కింది. ఆదివారం పొద్దున ఆన్ చేస్తే నల్లటి తెర, దానిమీద బారులుగా తెల్లటి అక్షరాలు, వాటి మధ్య 'కెర్నెల్ పానిక్' అన్న మాట! 'ఫార్మాట్ కొట్టాల్సిందే' అన్నాడు తెలిసినవాడొకడు. మరి మూడు నెలల కష్టం గంగపాలేనా?

కానే కాదు. కంగారు పడకుంటే చాలు.

పొట్టు... పప్పు

కెర్నెల్ అంటే గింజలోని పప్పు. కందికి 2022లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న తాండూరు ప్రాంతానికి ఈ పోలిక కొత్త కాదు. తెరమీద కనిపించే బొమ్మలు, మెనూలు పొట్టు అయితే. లోపల మెమరీ, డిస్కు, కీబోర్డు అన్నింటినీ నడిపించే పప్పు కెర్నెల్. లినక్స్ కెర్నెల్‌కు 1991లో లినస్ టోర్వాల్డ్స్ శ్రీకారం చుట్టాడు. అప్పటినుంచి అది మారుతూనే ఉంది. భద్రతా లోపాలను సరిదిద్దేందుకే తరచూ అప్‌డేట్లు వస్తాయి.

అప్‌డేట్ మధ్యలో చార్జింగ్ అయిపోయినా, డిస్కులో 'బూట్' భాగం నిండిపోయినా, ఏదైనా డ్రైవర్ కొత్త కెర్నెల్‌తో పొసగకపోయినా సిస్టమ్ మొరాయిస్తుంది. అంతమాత్రాన డిస్కులోని ఫైళ్లు పోయినట్టు కాదు. తలుపు తెరుచుకోవడం లేదు, అంతే. ఇంట్లో సామాను ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఏం చేయాలి?

* ఉబుంటు కొత్త కెర్నెల్‌తోపాటు పాతదాన్నీ ఉంచుతుంది. ఆన్ చేయగానే ఎస్కేప్ మీట, పాత సిస్టమ్ అయితే షిఫ్ట్ మీట నొక్కితే మెనూ వస్తుంది. అందులో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లోకి వెళ్లి, చిన్న నంబరున్న పాత కెర్నెల్‌ను ఎంచుకోవాలి. చాలాసార్లు ఇంతటితోనే సిస్టమ్ తెరుచుకుంటుంది.

* తెరుచుకోగానే ముందు ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. రిపేరు ఆ తర్వాతే.

* బూట్ భాగం నిండిపోతే అక్కర్లేని వెర్షన్లను తీసేసి, కొత్త కెర్నెల్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్‌ను మాత్రం ముట్టుకోవద్దు.

* పాతదీ తెరుచుకోకపోతే ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవ్‌తో సిస్టమ్‌ను ఆన్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై' అన్నది ఎంచుకుంటే ఫైళ్లను కాపీ చేసుకోవచ్చు.

శంషాబాద్‌లో చేతిరాత పాస్

ఇది లినక్స్ బాధ మాత్రమే కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్‌లో తప్పు దొర్లింది. ఆ సాఫ్ట్‌వేర్ పనిచేసేది విండోస్ కెర్నెల్ స్థాయిలోనే. దాంతో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. సంస్థ 78 నిమిషాల్లో ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకున్నా, అప్పటికే ఆగిపోయిన కంప్యూటర్లలో చాలావాటిని సాంకేతిక సిబ్బంది ఒక్కొక్కటిగా బాగుచేయాల్సి వచ్చింది. మందు ఏమిటంటారా? సేఫ్ మోడ్‌లో తెరిచి, తప్పుడు ఫైలు తొలగించడం. అంతే తప్ప ఫార్మాట్ కాదు. డిస్కుకు తాళం వేసి ఉన్నచోట రికవరీ కీ దొరక్క ఇబ్బంది పడ్డవారూ ఉన్నారు. మీ సిస్టమ్‌కు అలాంటి కీ ఉంటే ఈరోజే ఓ నోటుబుక్కులో రాసిపెట్టుకోండి.

అప్‌డేట్లు మానేయడం మందు కాదు. చార్జర్ పెట్టి, ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకుని, తీరిక ఉన్న రోజున చేసుకుంటే సరి. రేపు పరీక్ష అనగా, ఎల్లుండి రిపోర్టు అనగా వద్దు. ఎవరైనా 'ఫార్మాట్' అంటే, 'ముందు ఫైళ్లు తీసివ్వండి' అని అడగండి. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోకూడదు కదా!