జనం మాట వినని గని అనుమతులు

2003 ఆగస్టు 19న నల్లగొండ జిల్లా పెద్దగట్టులో యురేనియం గనిపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. నాగార్జునసాగర్ జలాశయం చెంతనే తవ్వకాలు జరిపితే కృష్ణ నీటి గతి ఏమిటని ప్రజలు అధికారులను నిలదీశారు. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సమ్మతించింది. చెంచులు, రైతులు, విద్యావంతులు ఏకమై ఎదిరించారు. అదే ఏడాది సెప్టెంబరు 16న రాష్ట్ర శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది.

1957 నాటి గనుల చట్టం ప్రకారం అణు ఖనిజాలకు లీజు ఇచ్చేది రాష్ట్రం. ముందుగా ఆమోదించేది కేంద్రం. ఈ రెండింటి నడుమ గ్రామస్థునికి దక్కిన వేదిక ప్రజాభిప్రాయ సేకరణ. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకు దాని నుండి మినహాయింపు ఇచ్చింది. దేశ అవసరాలను మేము కాదనము. కాని బాధితుని మాట వినకుండా ఇచ్చే అనుమతిని న్యాయమనలేము.

ఇది చెంచుల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. హైదరాబాదు తాగే కృష్ణ నీరు అక్కంపల్లి జలాశయం మీదుగానే వస్తున్నది. మన మస్జిదులలో వుజూకు వాడేదీ ఆ నీరే. పైగా, సంఖ్యాబలం లేని వారికి అభ్యంతరం చెప్పుకునే హక్కే బలం. నేడు అడవిబిడ్డలు కోల్పోయిన ఆ హక్కు రేపు మనకూ మిగలదు.

కనుక జమాత్ పెద్దలు, మస్జిద్ కమిటీలు గ్రామసభలతో చేయి కలపాలి. లీజు దరఖాస్తుల వివరాలను జిల్లా గనుల శాఖ నుండి సమాచార హక్కు చట్టం కింద కోరాలి. గ్రామసభ సమ్మతి లేనిదే లీజుపై సంతకం చేయబోమని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాలి. నేల, నీరు మన చేతిలోని అమానత్. వాటి కోసం నోరు విప్పడం మన బాధ్యత.