తాళం పీకేస్తే హిసాబ్ కుదురుతుందా?

కళింగపట్నం నుంచి హైదరాబాద్ వెళ్ళి కోడ్ రాస్తున్న మన పిల్లల నోట ఈమధ్య ఒక మాట తెగ వినిపిస్తోంది. "లాకులు పాత జమానా చాచా, ఇప్పుడంతా అటామిక్కే!" ఇంటర్వ్యూ కోసం బట్టీ పట్టిన జవాబుల్లో ఉందట. నేను అఖ్బార్ మనిషిని, ఇంజనీర్ని కాను. అయినా ఈ మాట మీద నాకు సఖ్త్ ఎత్‌రాజ్ ఉంది. దీని నుఖ్సాన్ పడేది కోడ్ రాసినవాడి మీద కాదు, క్యూలో నిలబడ్డవాడి మీద.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటిదే మళ్ళీ వచ్చి, మన ఊళ్ళో బియ్యం పంచుతున్నారనుకోండి. నూరు బస్తాలు, రెండు కౌంటర్లు, వెనకాల ఒకే ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే రెండు పనుల్నే థ్రెడ్లు అంటారు.

ముందు అటామిక్‌కి ఇన్సాఫ్ చేద్దాం. "ఒకటి తగ్గించు" అనేది మనకు ఒక్క పని, మెషీన్‌కు మూడు. చదవాలి, తగ్గించాలి, తిరిగి రాయాలి. రెండు థ్రెడ్లూ ఒకేసారి 100 చదివితే రెండూ 99 అనే రాస్తాయి. పోయింది రెండు బస్తాలు, లెక్కలో తగ్గింది ఒకటి. 2004లో జావా 5తో వచ్చిన అటామిక్ వేరియబుల్స్ ఈ పనికి లాజవాబ్. వాటి వెనకున్న కంపేర్ అండ్ స్వాప్ చెప్పేది ఇంతే: నేను చూసిన విలువే ఇంకా ఉంటే కొత్తది రాయి, లేకుంటే రాయకు, నాకు చెప్పు. ఓడినవాడు మళ్ళీ చదివి ప్రయత్నిస్తాడు. తాళం చెవి కోసం ఎవరూ పడిగాపులు కాయరు. ఉత్త లెక్కపెట్టడానికి లాక్ వేయడం పాన్‌దాన్‌కి గోదాం తాళం వేయడమే, ఒప్పుకుంటాను.

ఉర్దూ మీడియంలో మేం ఆటమ్‌ని జౌహర్ అన్నాం, తెలుగులో పరమాణువు అన్నారు. ఏదన్నా అర్థం విడగొట్టలేనిదనే. కానీ భాయ్, ఇక్కడ విడగొట్టలేనిది ఒక్క అడుగే. రెండు అటామిక్ అడుగులు పక్కపక్కన వేస్తే మధ్యలో దర్వాజా తెరిచే ఉంటుంది.

"స్టాక్ ఉందా?" అని అడగడం ఒక అడుగు, "అయితే తగ్గించు" అనడం ఇంకో అడుగు. ఆఖరి బస్తా దగ్గర రెండు కౌంటర్లూ "ఉంది" అనే చూస్తాయి, రెండూ తగ్గిస్తాయి. స్టాక్ మైనస్ ఒకటి. ఎవరో ఒక బేవా రసీదు పట్టుకుని ఖాళీ గోదాం ముందు నిలబడుతుంది. దీన్ని కంపేర్ అండ్ స్వాప్‌తోనే సరిచేయొచ్చు, మాన్‌తా హూఁ. మరి "ఈ కుటుంబానికి ఇచ్చేశాం" అన్న రెండో లెక్కో? బస్తా తగ్గి, పేరు ఎక్కేలోగా అదే కార్డు పక్క కౌంటర్లో పడితే? స్టాక్ అటామిక్, జాబితా అటామిక్, రెండూ కలిసి ఇచ్చేది ఝూటా గవాహి. రెండు నిజాలు కలిసి మారాల్సిన చోట లాక్ కావాలి. లేదా రెండింటినీ మార్పులేని ఒకే ఆబ్జెక్ట్‌లో పెట్టి, దాని రిఫరెన్స్‌ని అటామిక్‌గా మార్చాలి. అంత హునర్ ఉన్నవాడు లాకుల్ని పాత జమానా అనడు లెండి.

"లాక్ స్లో చాచా" అంటారు. ఇంటెల్ ప్రాసెసర్‌లో అటామిక్‌గా కూడే ఇన్‌స్ట్రక్షన్ ముందు తగిలించే మాట పేరేమిటో తెలుసా? లాక్! తాళం ఎక్కడికీ పోలేదు, చిప్ లోపలికెళ్ళి కూర్చుంది. పైగా రద్దీ పెరిగితే ఓడిన థ్రెడ్లు మళ్ళీ మళ్ళీ ఓడుతూ ప్రాసెసర్‌ని తినేస్తాయి. ఆ ముసీబత్‌కే 2014లో జావా 8 ఒక లెక్కని ముక్కలుగా పంచే లాంగ్ యాడర్ తెచ్చింది.

1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ ఒక లాక్ వల్లే పదేపదే రీసెట్ అయింది. చిన్న పని తాళం పట్టుకుంది, మధ్యస్థం పనులు దానికి అడ్డొచ్చాయి, పెద్ద పని ఆగిపోయింది. ఇంజనీర్లు లాక్‌ని పీకేయలేదు. తాళం పట్టుకున్న చిన్న పనికి పెద్దదాని హోదా తాత్కాలికంగా ఇచ్చే సెట్టింగుని భూమ్మీంచే ఆన్ చేశారు.

ఇక ఆ బియ్యం ప్రోగ్రాం రెండు సర్వర్ల మీద నడిస్తే జావా అటామిక్కూ బేకార్, జావా లాకూ బేకార్. ఒకదాని మెమరీ ఇంకోదానికి కనపడదు కదా. అప్పుడు హిసాబ్ కాపాడేది డేటాబేస్ ట్రాన్సాక్షనే. బేటా, ఈ సవాల్ మీ ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగారా?