స్కూబా డైవింగ్: 12 మీటర్లే కదా అనుకుంటున్నారా.. అసలు ముప్పు పైకి వచ్చేటప్పుడే!

అండమాన్ టూర్ అంటే ఇప్పుడు స్కూబా డైవింగ్ ఉండాల్సిందే. హైదరాబాద్, విశాఖ నుంచి వెళ్లేవాళ్లలో ఈత రానివాళ్లు కూడా స్వరాజ్ ద్వీప్‌లో ట్యాంకు తగిలించుకుని నీళ్లలోకి దిగుతున్నారు. కాసేపు బ్రీఫింగ్, ఫారం మీద ఒక సంతకం.. అంతే!

దీన్ని ట్రై డైవ్ అంటారు. ఇది సర్టిఫికెట్ కోర్సు కాదు. పాడి సంస్థ నిబంధనల ప్రకారం ఇందులో 12 మీటర్లు దాటకూడదు. ఓపెన్ వాటర్ కోర్సు చేసినవాళ్లకు 18, అడ్వాన్స్‌డ్ వాళ్లకు 30 మీటర్లు. ప్రత్యేకంగా డీప్ డైవింగ్ నేర్చుకున్నా 40 మీటర్లతో ఆపాల్సిందే. మాల్దీవుల్లో అయితే టూరిస్టులెవరూ 30 మీటర్లు దాటకూడదని ఏకంగా ప్రభుత్వ నిబంధనే ఉంది.

30 మీటర్ల దగ్గర గాలి పైన ఉన్నప్పటి కంటే నాలుగు రెట్లు వేగంగా ఖర్చవుతుంది. నైట్రోజన్ వల్ల మత్తుగా కూడా ఉంటుంది. మరి తక్కువ లోతులో భయం లేదా? ఉంది. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు.

నీటి మట్టం నుంచి 10 మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది. అంటే అక్కడ పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు అవుతుంది. కంగారులో ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా పైకి దూసుకొస్తే ఊపిరితిత్తులు చిట్లి, గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడు దాకా వెళ్లొచ్చు. ఇందుకు రెండు మీటర్ల లోతు కూడా చాలు! అందుకే శిక్షణలో మొదట నేర్పేది ఊపిరి ఆపొద్దనే. మాస్క్‌లోకి నీళ్లొస్తే ఏం చేయాలో అలవాటు కానివాళ్లకు ఆ క్షణంలో ఇది గుర్తుండటం కష్టం. ట్రై డైవ్‌లో ప్రాణం ఇన్‌స్ట్రక్టర్ చేతిలోనే ఉంటుంది. కాబట్టి ధర కంటే ముందు అడగాల్సింది, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమందిని అప్పగిస్తున్నారని.

ఇక హెల్త్ ఫారం. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నాయా అంటే 'లేదు' అని టిక్ పెట్టేయడం మామూలైపోయింది. డబ్బు కట్టేశాక ఆపేస్తారేమోనన్న భయం మరి!

టూర్ ప్లాన్‌లోనూ ఒక చిక్కుంది. ఒక్క డైవ్ చేసినా కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఒంట్లో మిగిలిన నైట్రోజన్ తక్కువ ఒత్తిడిలో బుడగలు కట్టొచ్చు. పొద్దున డైవ్, సాయంత్రం పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫ్లైట్ అని ప్యాకేజీలో ఉంటే, డైవ్‌ను ముందు రోజుకు మార్చమని బుకింగ్ అప్పుడే అడగాలి.