పులిని లెక్కపెట్టుర్రి, మమ్మల్ని కాదు

కవ్వాల్ అడవిల చెట్లకు కెమెరాలు కట్టిన్రు. వేడి ఒళ్లు కదిలితే చాలు, చీకట్ల గూడ ఫొటో పడుతది. ఏ రెండు పులుల చారలూ ఒక్క తీరుగ ఉండవు, అట్ల లెక్క తేలుతది. మంచిదే, పులి మనకు పగ కాదు.

కానీ అదే కెమెరా ఇప్పపువ్వు ఏరబోయిన అక్కను గూడ తీస్తది. ఉత్తరాఖండ్ కార్బెట్‌ల బహిర్భూమికి పోయిన ఆడమనిషి ఫొటోను ఊరోళ్లకు పంచిన్రని 2024ల కేంబ్రిడ్జి పరిశోధకులు బయటపెట్టిన్రు. జంతువులు దగ్గరికి రాకుండ పాటలు పాడే ఆడోళ్లు, కెమెరా భయానికి గొంతు తగ్గించిన్రు. ఇదేం రక్షణ?

2006 అటవీ హక్కుల చట్టం అడవినీ, జంతువులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మరి కెమెరా ఎక్కడ పెట్టాలె, మనుషుల ఫొటోలు ఎప్పుడు తుడిచెయ్యాలె అని గ్రామసభను అడగొద్దా?

తమ్ముల్లారా, చెల్లెల్లారా! మెట్‌పల్లి నుంచి ఉట్నూరు దాకా ప్రతి గ్రామసభల తీర్మానం రాయిద్దాం. జల్, జంగల్, జమీన్ మనదే!