పరిమితి పెరిగితే వేతనం పెరిగినట్లు కాదు

నెలనెలా తప్పక జీతమందుకొను ఉద్యోగి అన్నచో బ్యాంకులకు మక్కువ ఎక్కువ. సూరత్ శివారైన వడోద్‌లో అద్దె ఇంట కాపురముండే రైల్వే గుమాస్తాకైనా, విజయవాడ వీధులలో ఉత్తరాలు పంచే పోస్టుమన్‌కైనా ‘మీ క్రెడిట్ కార్డు పరిమితిని పెంచగలము, సమ్మతి తెలుపుడు’ అన్న సందేశం ఏదో ఒకనాడు అందక మానదు. దానిని తనకు దక్కిన గౌరవంగా భావించి తక్షణమే అంగీకరించుట వివేకమా?

పరిమితి అనగా బ్యాంకు మనకు ఎంత అప్పు ఇవ్వదలచినదో తెలిపే అంకె మాత్రమే. మనము ఎంత తీర్చగలమో ఆ అంకె చెప్పదు. తెలంగాణ నుండి మగ్గం పనికి వలసవెళ్ళిన తెలుగు కుటుంబాలు సూరత్‌లో అనేకం. స్థిరమైన జీతం గల బంధువు ఒక్కడున్నచో పెండ్లికైనా, వైద్యానికైనా అందరూ అతని తలుపే తట్టెదరు. పరిమితి రెట్టింపైన నాడు ‘లేదు’ అనుట మరింత కష్టమగును.

లెక్క చూడుడు. లక్ష రూపాయల బాకీపై నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 3,500 రూపాయలు. దానిపై 18 శాతం జి.ఎస్.టి. 630 రూపాయలు. ‘కనీస మొత్తం’ అని 5,000 చెల్లించినచో అసలులో తగ్గునది 870 రూపాయలే! 30 శాతానికి మించిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసినది. కనుక ఆ తీర్పు నీడ నేడు మనకు లేదు.

మరొక సంగతి మరువరాదు. 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1966 నాటి రైల్వే నియమావళి కూడా ఉద్యోగి అలవాటుగా అప్పులలో మునుగరాదని శాసించుచున్నవి. బాకీ కోర్టుకెక్కినచో అది ఇంటి గుట్టుగా మిగలదు. ఆ సంగతిని ఉద్యోగి స్వయముగా శాఖకు తెలుపవలసియుండును.

అట్లని పెంపును గుడ్డిగా నిరాకరింపవలెనని మా అభిప్రాయం కాదు. గడచిన పన్నెండు నెలలూ బిల్లు మొత్తాన్ని గడువులోపల చెల్లించినవారికి, దూరదేశమున ఆకస్మిక వైద్యావసరానికి హెచ్చు పరిమితి అక్కరకు రావచ్చును. ఒక్క నెలయైనా కనీస మొత్తంతో సరిపెట్టినవారు మాత్రం వద్దనుటే మేలు. అట్టివారు ముందు సహకార పరపతి సంఘమును, 2004కు పూర్వం చేరినవారైతే భవిష్యనిధి అడ్వాన్సును పరిశీలింపవలెను.

సమ్మతి లేనిదే పరిమితి పెంచరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించినది. అనగా నిర్ణయాధికారం మనదే. అంగీకరించుటకు ముందు జీతపు చీటీ చేతబట్టి, కోతలన్నీ పోగా మిగులు నికర వేతనమును చూడుడు. మన నిజమైన పరిమితి అక్కడనే వ్రాసియున్నది.